జతలో రెండూ

“...మా వైపు ఏడు తరాలు తిరగేసినా ఇలాంటిది లేదమ్మా. ఆ ఎక్కువది నీ పుట్టింటి సరుకే.”

“డాక్టరు అలా అనలేదత్తయ్యా.”

“మొహమాటపడి ఉంటాడు.”

గుమ్మం బయట సైజులాయన ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా నిలబడిపోయాడు. చెప్పుల షాపులో పని. నడిచొస్తుంటేనే పాదం కొలత చెప్పేస్తాడని వీధంతా ఆ పేరే పెట్టేసింది. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ళకీ ఓ జత అంటగట్టే మనిషి, ఇంట్లో అమ్మ నోరు తెరిస్తే మాత్రం నీళ్ళు నములుతాడు.

అందరికీ నలభై ఆరు క్రోమోజోములైతే తన పసిబిడ్డకి నలభై ఏడని రిపోర్టు వచ్చినప్పట్నుంచీ ఇదే రభస. నిన్న భార్య పెట్టె సర్దుకుంది. అందులో పాప బట్టలు లేవు. పాపని ఇక్కడే వదిలేసి పోయేట్టుందని అతనికి అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు.

“అవి జతలుగా ఉంటాయయ్యా. ఇరవైమూడు జతలు,” అన్నాడు డాక్టరు. “అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు జతలన్నీ విడిపోయి, ఒక్కోదాంట్లోంచి ఒకటే వెళ్ళాలి. అందుకే అక్కడ ఇరవైమూడే. అమ్మవీ నాన్నవీ కలిస్తే మళ్ళీ నలభై ఆరు.”

“మేమూ అద్దాల అరలో ఒక కాలిదే పెడతాం సార్, రెండోది గోడౌన్లో. తొందర్లో ఒక్కోసారి రెండూ అరలోకే పోతాయి.”

“అదే జరిగింది. ఒక జత విడిపోలేదు. రెండూ ఒకవైపు నుంచే వచ్చాయి, రెండోవైపుది కలిసి మూడయ్యాయి.”

“మేమైతే ఒకటి వెనక్కి తీసేస్తాం.”

“ఇక్కడ తీయలేం. ఒళ్ళంతా, ప్రతి కణంలోనూ ఉంది.”

“ఎవరి తప్పు సార్?”

“ఎవరిదీ కాదు. తిన్నదాని వల్లా కాదు, చేసినదాని వల్లా కాదు. దానంతటదే అలా అయింది.”

“ఎటువైపు నుంచి వచ్చిందో?”

“ఎక్కువగా తల్లి వైపు నుంచి, అప్పుడప్పుడు తండ్రి వైపు నుంచి. మీ పాపకి ఎటో ఈ పరీక్షలో తెలీదు.”

షాపులోనైతే తిట్లు తినడానికి ఎవడో ఒకడు దొరుకుతాడు. ఎవరిదీ కాని తప్పుని ఇంటికెలా మోసుకెళ్ళాలో సైజులాయనకి తోచలేదు. ఎవరూ కాదంటే అమ్మ ఊరుకోదు. ఆ ఖాళీలో కోడల్నే కూర్చోబెడుతుంది.

లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

“సాయంత్రం మా అమ్మని తీసుకొస్తాను సార్. మీ మాటంటే ఆవిడకి గురి. నన్నైతే తిట్టి తిట్టి మళ్ళీ తనే అన్నం పెడుతుంది. తండ్రి వైపు నుంచే వచ్చిందని చెప్పండి.”