ఐదు అంటే ఐదు

ఈ ఉదయం పనికి బయల్దేరుతూ తలుపు పక్కన బూట్లు పెట్టుకునే రబ్బరు పళ్ళెం చూశాను. పూర్తిగా ఆరిపోయి ఉంది. రోడ్ల మీద చల్లే ఉప్పు దాని అంచుల్లో తెల్లటి చారలు కట్టింది. ఈ ఇంటి బేస్‌మెంటులో అద్దెకుంటున్న మూడు చలికాలాల్లో ఆ పళ్ళెం ఆరిపోవడం నేను చూడలేదు. మంచులో తిరిగి వచ్చే మనిషి ఒకరు పై అంతస్తులో ఉండేవారు.

మా ఓనరు అంకుల్ పోయి ఈ రోజుకు పదకొండు రోజులు. కాల్గరీకి పడమటి కొండల్లో, మంచులో పోయారు. ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. మంచులో ప్రాణం ఎలా కాపాడుకోవాలో చెబుతూ శనివారాలు ఆయన గ్యారేజీలో పెట్టే క్లాసులకు వచ్చినవాళ్ళు మీలో చాలామందే ఉన్నారు. మన సంఘం పత్రికకు ఆయన గురించి రాయమని ఆంటీ నన్ను అడిగారు. "నువ్వు పుస్తకాల పిల్లవి. ఆయన మాటలు నీకే బాగా గుర్తుంటాయి" అన్నారు. నిజమే, గుర్తున్నాయి.

అంకుల్‌ది అనంతపురం వైపు. ఎండ తప్ప ఏమీ ఎరగని ఊరి నుంచి కెనడా వచ్చి, చమురు కంపెనీలకు సర్వే చేస్తూ ముప్పై చలికాలాలు మంచులో గడిపారు. రిటైరయ్యాక కూడా వారానికి ఒకసారి మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద వెడల్పాటి స్నోషూలు కట్టుకుని కొండల్లోకి వెళ్ళకపోతే ఆయనకు తోచేది కాదు. మంచంటే ఇష్టం అని మాత్రం ఎప్పుడూ అనలేదు. "దానికి మనమీద కోపం లేదు, ప్రేమా లేదు. అందుకే భయపడాల" అనేవారు.

క్లాసుకు మొదటిసారి వెళ్ళినప్పుడు నేను వెనక, పార తగిలించిన గోడ పక్కన నిలబడ్డాను. బయట మైనస్ ఇరవై. అంకుల్ గ్యారేజీ తలుపు పైకెత్తేసి, మమ్మల్ని మడత కుర్చీల్లో కదలకుండా ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. తర్వాత తలా ఒక అగ్గిపెట్టె ఇచ్చి, గ్లౌజులు తీసి పుల్ల గీయమన్నారు. పదకొండు మందిలో ఇద్దరికే వెలిగింది. నా వేళ్ళు పుల్లను పట్టుకున్నాయో లేదో నాకే తెలియలేదు.

"చూసినారా? ఇది ఇరవై నిమిషాలే. అది కూడా కుర్చీలో కూర్చుని, వెనక ఇల్లు పెట్టుకుని" అన్నారు.

కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక స్టూడెంటు చేతులు నోటి దగ్గర ఊదుకుంటూ అడిగాడు. "గింత అవసరమా అంకుల్? ఫోన్ల మ్యాప్ ఉంటది గద."

"ఉంటాది నాయనా. చలికి నీకంటే ముందు నీ ఫోనే చస్తాది."

అందరూ నవ్వారు. అంకుల్ కూడా నవ్వి, అతని వైపే చూస్తూ అడిగారు. "పోయిన వారం ఆ గడ్డకట్టిన చెరువు కాడికి పోయినావంట గదా. ఇంట్లో ఏం చెప్పినావు?"

"మాల్‌కు పోతున్న అని చెప్పిన. నిజం చెప్తే మా అమ్మ ఊకె పరేషాన్ అయితది."

"రూమ్మేట్లకు?"

"వాళ్ళు పండుకున్నరు అంకుల్."

"అయితే నువ్వు రాకపోయుంటే నిన్ను మాల్‌లో వెతికేవాళ్ళు" అన్నారు అంకుల్. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మనవాళ్ళం చేసే తప్పు ఇదేనని ఆయన నమ్మకం. వేరేవాళ్ళు చెప్పడం మరిచిపోతారు, మనం కావాలని దాస్తాం. ఇంటి దగ్గర కంగారు పడతారని, నిద్ర మానేస్తారని, ఇంకోసారి వెళ్ళనివ్వరని దాస్తాం. దాంతో మనం ఎక్కడున్నామో ఈ భూమ్మీద ఒక్కరికీ తెలియకుండా పోతుంది. చెప్పే మనిషి లేకపోతే వెతికే మనిషీ ఉండడని ఆయన ప్రతి శనివారం ఏదో ఒక రకంగా అనేవారు.

అందుకే చీటీ. చీటీ రాయనివాళ్ళకు ఆయన కారులో చోటు ఉండేది కాదు. కారు ఎక్కడ ఆపుతాం, ఏ దారిన వెళ్తాం, ఎంతమందిమి, కోట్లు ఏ రంగు, ఎన్నింటికి తిరిగొస్తాం. కింద ఒక గీత గీసి, ఎన్నింటికి పోలీసులకు ఫోన్ చేయాలో రాయాలి. ఆ టైము చీకటి పడటానికి గంట ముందు ఉండాలి. "వెతికేవాళ్ళకు ఆ గంటే కావాల" అనేవారు. సంచిలో ఏముండాలో కూడా ఆయనే చూసేవారు. ఈల, కొవ్వొత్తి, పొడి మేజోళ్ళు, తల దూర్చేందుకు చిల్లు పెట్టిన పెద్ద నారింజ రంగు చెత్త సంచి, వేరుశనగ పట్టీలు. దారి తప్పామని అనిపించిన చోటే ఆగి, చెట్టు కింద కూర్చుని, ఆ సంచి తొడుక్కుని, ఈల ఊదుతూ ఉండాలి. ఇంకాస్త నడిస్తే దారి దొరుకుతుందన్న ఆశే మనుషుల్ని చంపుతుందని చెప్పేవారు.

ఆయన చీటీలు నా దగ్గర ఉండేవి. నన్ను ఎందుకు ఎంచుకున్నారని ఒకసారి అడిగాను.

"మీ ఆంటీకిస్తే మూడింటికే ఫోన్ కొడతాది."

"మూడింటికా? మీరు గడప దాటగానే కొడతా" అన్నారు ఆంటీ వంటింట్లోంచి.

"ఇన్నావా? నువ్వైతే గడియారం చూసే పిల్లవి. ఐదు అంటే ఐదు. ఐదూ ఒకటి కాదు. నాలుగూ యాభై తొమ్మిది కూడా కాదు."

నేను చదివింది సిస్టర్ల బళ్ళో. గంట కొడితే లేవడం, గంట కొడితే కూర్చోవడం, అడిగితే తప్ప మాట్లాడకపోవడం అక్కడే అలవాటైంది. ఆయనకు నాలో పనికొచ్చేదిగా కనిపించింది ఆ గంటే. అలా నన్ను ఇంకెవరూ నమ్మలేదు.

కిందటి ఏడాది ఒకరోజు ఐదయినా ఆయన రాలేదు. నేను పెట్టిన మెసేజ్ ఆయనకు వెళ్ళలేదు. నేను ఐదుకే ఫోన్ చేశాను. ఐదూ ఇరవైకి అంకుల్ కొండ దిగి వచ్చేసరికి ఆయన కారు పక్కన పోలీసు కారు ఉంది. స్నోషూ పట్టీ తెగడంతో ఆలస్యమైందట. అంతే.

ఆ సంగతి నలుగురికీ తెలిసింది. ఆ నెలలోనే ఒక పుట్టినరోజు పార్టీలో, చేతిలో పళ్ళెంతో ఒక మూల నిలబడి ఉంటే, ఎవరో కేకేశారు. "ఏమ్మా పోలీసమ్మా! మీ అంకుల్ బాత్రూంలో పది నిమిషాలు ఎక్కువుంటే హెలికాప్టర్ పిలుస్తావా?" గదంతా నవ్వింది. నాకు చెవులు కాలిపోయాయి. అంకుల్ మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా అన్నారు. "మంచి పని చేసినావు తల్లీ. మళ్ళీ అట్లాగే చెయ్యి. వందసార్లు నవ్వనీ."

పదకొండు రోజుల కిందట, క్లాసు లేని శనివారం, తోడు రావాల్సిన స్నేహితుడికి జ్వరం వచ్చింది. అంకుల్ ఒక్కరే బయల్దేరారు. చీటీలో 'ఎంతమంది' అన్న చోట 'ఒక్కడే' అని రాసి, ఒక్క క్షణం దాన్నే చూశారు. "తెలిసిన దారేలే" అన్నారు. క్లాసులో మేము ఎవరం ఆ మాట అన్నా ఆయన ఒప్పుకునేవారు కాదు. నేను చీటీ అందుకున్నాను. పెద్దాయనకు నేనేం చెబుతాను అనుకున్నాను. ఆంటీకి ఏడింటిదాకా షాపులో డ్యూటీ. అంకుల్ నాలుగింటికి తిరిగి రావాలి. గీత కింద ఐదు అని ఉంది.

రెండింటికి మంచు మొదలైంది. పెద్ద పెద్ద రేకులు, గాలి లేదు. బేస్‌మెంటు కిటికీ నేలమట్టానికి ఉంటుంది. నాలుగయ్యేసరికి కిటికీలో సగం తెల్లగా పూడిపోయింది. పైన తలుపు చప్పుడు కాలేదు. నాలుగున్నరకు 'అంకుల్, బయల్దేరారా?' అని మెసేజ్ పెట్టాను. అది ఆయనకు చేరలేదు.

ఐదయింది. ఫోన్ చేతిలోనే ఉంది. ఇప్పుడే రోడ్డు మీదికి వచ్చి ఉంటారు అనుకున్నాను. ఐదూ పది. మంచులో కారు మెల్లగా నడపాలి కదా అనుకున్నాను. అన్నం పెట్టుకున్నాను, తినలేదు. ఆ రోజు పార్టీలో గది నవ్వడం నాకు వినిపిస్తూనే ఉంది. ఐదూ ఇరవై దాటితే చేద్దాం అనుకున్నాను, కిందటిసారి ఆయన వచ్చింది ఆ టైముకే కాబట్టి. ఐదూ ఇరవై దాటింది. నేను ఫోన్ చేసింది ఐదూ నలభైకి. అవతలి గొంతు ఎంతో మర్యాదగా, చీటీలోని ప్రశ్నలే, దాదాపు అదే వరుసలో అడిగింది.

మర్నాడు ఉదయం దొరికారు. దారి నుంచి మూడు వందల మీటర్లు అడవి లోపల, సూదుల్లాంటి ఆకులుండే ఒక ఫర్ చెట్టు కింద. కాలి చీలమండ విరిగింది. మాకు చెప్పినవన్నీ ఆయన చేశారు. ఆగిపోయారు, చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నారు, నారింజ సంచి తొడుక్కున్నారు. కొవ్వొత్తి చివరిదాకా కాలిపోయింది. ఈల పెదాల దగ్గరే ఉంది.

వెతకడానికి వెళ్ళినవాళ్ళలో ఒకావిడ, నడివయసు మనిషి, ఇంటికి వచ్చి ఇదంతా చెప్పింది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తాము చేరేసరికి వెలుతురు పోయిందని, అడుగులు అప్పుడే పూడిపోయాయని చెప్పింది. ఇంకాస్త వెలుతురు ఉండి ఉంటే అడుగులు దొరికేవేమో అంది. ఎవరి వైపూ చూడకుండా అంది. ఆయన అన్నీ సరిగ్గా చేశారని రెండుసార్లు చెప్పింది.

ఆమె వెళ్ళాక ఆంటీ సోఫాలో నా పక్కకు జరిగారు. బయట వీధిలో ఎవరో మంచు ఎత్తిపోస్తున్నారు. పార సిమెంటుకు గీసుకుంటున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. ఆంటీ నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"ఆయన చెప్పినట్టే ఐదుకే చేశావు కదా తల్లీ?" అని అడిగారు.

నేను అవునన్నాను.