పెద్ద తెర మీద పడినవాడు

మా ఇంట్లో టీవీ గొడవ మొదలుపెట్టింది మా అబ్బాయే. వాడు ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. తెరల గురించి వాడికి తెలియనిది లేదు, తెలియకపోయినా తెలిసినట్టే మాట్లాడేవాడు. పాత టీవీలో వాళ్ళ నాన్న ఫుట్‌బాల్ చూస్తుంటే వెనకాల నిలబడి, నాన్నా, అది బంతా ఈగా అని అడిగేవాడు. మా ఆయనకు ఒళ్ళు మండేది. బంతి ఎటు పోతోందో తెలిస్తే చాలదా, దాని మీద కుట్లు కూడా లెక్కపెట్టాలా అని ఆయన వాదన. కొత్తది కొందామని వీడు, అక్కర్లేదని ఆయన, మధ్యలో అన్నం చల్లారిపోతోందని నేను.

నాకు మాత్రం వాడు ఒకసారి కూర్చోబెట్టి చెప్పాడు. నేను చర్చికి గోడగుడ్డలు కుడతాను, గళ్ళ బట్ట మీద రంగు దారాలతో. పెద్ద గుడ్డ మీద ఒక గొర్రెపిల్లను కుట్టాను, అదే గొర్రెపిల్లను చేతిరుమాలు మూలన చిన్నదిగా కుట్టాను. రెండూ పక్కపక్కన పరిచి చూపించాడు. "సూడమ్మా, తెరంటే ఇంతే. గళ్ళు ఎక్కువుంటే గొర్రిపిల్లకి కళ్ళొస్తాయి. తక్కువుంటే బంగాళదుంప." నా రుమాలును బంగాళదుంప అన్నందుకు ఆ పూట వాడితో మాట్లాడలేదు.

ఆ ఏడే ఇక్కడ బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. అప్పటికే కరోనా వల్ల చర్చికి తాళం పడి ఉంది. విమానాలు లేవు, చీకటి పడితే ఇంటర్నెట్టూ లేదు. బతికున్నామని బయట ఎవరికైనా చెప్పుకుందామన్నా దారి లేదు. సాయంత్రమైతే మా పేట లమ్మడా అంతా బాల్కనీల్లోకి వచ్చి గిన్నెలు వాయించేది. బర్మావాళ్ళు దయ్యాలను తరమడానికి చేసే పని అది. మేం క్రైస్తవులమైనా వాయించాం. నా అన్నం గిన్నె అడుగంతా సొట్టలు పడిపోయింది.

ఒక పొద్దున మా అబ్బాయి నల్ల చొక్కా వేసుకుని, చిమిండైంగ్‌లో సైన్యం వద్దంటూ ఊరేగింపు ఉందని బయల్దేరాడు. తిని వెళ్ళరా అన్నాను. వచ్చి తింటానన్నాడు. రాలేదు.

జైలు గేటు దగ్గర ఒక పద్ధతి ఉండేది. లోపల ఎవరున్నారో నోటితో చెప్పరు. పేరు చెప్పి బట్టలూ సబ్బూ కట్టిన మూట ఇవ్వాలి. మూట పుచ్చుకుంటే మనిషి లోపల ఉన్నట్టు, తిరిగి ఇచ్చేస్తే లేనట్టు. వెళ్ళిన ప్రతిసారీ మా మూట మాకే తిరిగి వచ్చింది. ఒకసారి నా ముందు నిలబడిన ఆవిడ మూట లోపలికి వెళ్ళింది. ఆవిడ అక్కడే కూర్చుని సంతోషంతో ఏడ్చింది. కొడుకు జైల్లో ఉన్నాడని తెలిసి ఏడుస్తున్న ఆ తల్లిని చూసి నాకు కళ్ళు కుట్టాయి.

తర్వాత ఆ వీడియో వచ్చింది. చిమిండైంగ్‌లో ఎవరో తమ మేడ మీంచి పరదా చాటున తీసినది. నల్ల చొక్కా కుర్రాడొకడు రోడ్డు మీద పడి ఉంటాడు. ఇద్దరు సైనికులు చెరో చేయీ పట్టుకుని లారీ దాకా ఈడుస్తారు. తల వెనక్కి వేలాడుతూ ఉంటుంది. ప్రాణం లేదని చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. లారీ దగ్గర ఒక్క క్షణం ముఖం ఇటు తిరుగుతుంది, అంతే. ఎన్ని ఫోన్లు మారి మా దాకా వచ్చిందో, మారినప్పుడల్లా ఎంత చిక్కిపోయిందో. మేం చూసేసరికి ఆ ముఖం గోరంత ఉంది.

మా ఆయన అది మనవాడే అన్నారు. నేను కాదన్నాను. ఇద్దరం చూసి చెప్పిన మాట కాదు అది. వాడే అయితే పాస్టరుగారిని పిలిచి ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకోవచ్చు. నలుగురి మధ్య పాటలు పాడి, ఏడ్చి, వాణ్ణి దేవుడికి అప్పగించవచ్చు. ఆయనకు అది కావాలి. శవం లేకుండా, పాట లేకుండా కొడుకు అలా ఎటూ కాకుండా ఉండిపోవడం ఆయన తట్టుకోలేకపోయారు. నేను మాత్రం వాడు మెట్లెక్కి వచ్చి అన్నం అడగాలని చూస్తున్నాను. కూడిక మాట ఎత్తితే మీద పడి కరిచేదాన్ని.

మావాళ్ళలో ఎవరైనా పోతే ఉన్న ఫోటో స్టూడియోకి ఇచ్చి ఎన్‌లార్జ్ చేయించడం ఆచారం. మా మామగారి ఫోటో విడిగా లేదు. చర్చి గుంపు ఫోటోలో వెనక వరసలో శనగగింజంత తల, అంతే. దాన్నే స్టూడియో అతను మీసంలో వెంట్రుకలతో సహా గోడ పటంగా చేసి ఇచ్చాడు. మా ఆయన ఆ పటాన్ని చూపించి, "పెద్దది సేస్తే తెలుస్తాది. మా నాయినికి తెలీలేదేటి?" అన్నారు.

ఆ వెంట్రుకలు కుంచెతో వేసినవి. కళ్ళు ఎలా ఉండేవి, పాపిట ఎటు తీసేవారు అని మా అత్తగారిని అడిగి మరీ వేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాటే చెప్పాను. గొర్రెపిల్ల సంగతీ చెప్పాను. మనవాడే చెప్పాడు కదా, లేని గళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి అన్నాను. ఆయన వినే స్థితిలో లేరు. పెద్ద టీవీ కొని అందులో చూద్దామంటే నాకూ పోట్లాడే ఓపిక అయిపోయింది.

టీవీల దుకాణం వాళ్ళు షట్టరు సగం దించి వ్యాపారం చేస్తున్నారు. వంగి లోపలికి దూరాం. గోడ నిండా తెరలు, అన్నిటిలోనూ ఒకటే చిలక. ఒక్కొక్క ఈక విడివిడిగా కనబడుతోంది, ఈక మీద నీటి బొట్టు, ఆ బొట్టులో మళ్ళీ వెలుగు. అమ్మే అమ్మాయి, మీ గది ఎంత పొడుగు అని అడిగింది. మా ఆయన రెండు చేతులూ చాపి చూపిస్తే నవ్వు ఆపుకుంది. అంత గదికి ఫుల్ హెచ్‌డీ చిన్నది చాలు, ఫోర్ కే పెద్దది పెడితే మోకాళ్ళు తెరకు తగులుతాయి అంది. ఏం చూస్తారు, ఆటలా సినిమాలా అని అడిగింది. ఫుట్‌బాల్ అన్నారు మా ఆయన, నా ముఖం చూడకుండా.

మా వీడియో అక్కడ వేసి చూసే వీల్లేదు. దారిలో ఆపి ఫోన్లు వెతుకుతున్నారు, అలాంటిది దొరికితే ఇంటికి తిరిగి రావడం ఉండదు. అది చిన్న పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇంట్లో చింతపండు డబ్బా అడుగున పెట్టాం. కాబట్టి చిలకను చూసి తెరను ఎంచుకున్నాం. ఉన్నవాటిలో పెద్దది, గళ్ళు ఎక్కువున్నది కావాలన్నారు ఆయన. ఆ అమ్మాయి చెప్పిన మాటలన్నీ సరైనవే, మాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

సైకిల్ రిక్షాలో తెచ్చాం. మా ఇంటి మెట్లు ఇరుకు, మలుపులో పెట్టె ఇరుక్కుపోయింది. కింది ఇంటి ఆయన సాయం పట్టారు. ఈ రోజుల్లో ఇంత టీవీ ఎందుకని అడగబోయి, మా ఆయనను చూసి పెట్టెను పైకి నెట్టారు. గోడకు బిగించాక గదిలో గోడ మిగల్లేదు. వంటింటి గుమ్మంలో కూర్చుంటే గానీ తెర మొత్తం కంటికి ఆనడం లేదు.

కిటికీలు మూసి వీడియో వేశాం. ముఖం పళ్ళెమంత అయింది. బూడిదరంగు గళ్ళు, గోధుమరంగు గళ్ళు, ఒకచోట తెల్లనిది. మా ఆయన రిమోట్ నొక్కుతూనే ఉన్నారు. పదును పెంచితే ముక్కులాంటిది వచ్చింది. వెలుతురు పెంచితే ముక్కు పోయి గడ్డం వచ్చింది. ఒకలా పెడితే మా అబ్బాయిలా ఉన్నాడు, ఇంకోలా పెడితే మా తమ్ముడిలా ఉన్నాడు. మధ్యలో లేనిదంతా టీవీ తనకు తోచినట్టు నింపుకుంటోంది, స్టూడియో అతనిలాగే, కాకపోతే మా అత్తగారిని అడగనైనా అడగకుండా.

మా అబ్బాయిలా కనబడిన చోటే ఆయన ఆపేశారు. ఇంక దాన్ని మార్చనివ్వలేదు. కరెంటు ఉన్నంతసేపూ ఆ క్షణం దగ్గర నిలిపి ఎదురుగా కూర్చునేవారు. వాడే అనేవారు. కాదు అనేదాన్ని. వానలు వచ్చాయి, కరోనా మళ్ళీ వచ్చి మా వీధిలో చాలామందిని తీసుకుపోయింది. మా పోట్లాట మాత్రం అలాగే ఉంది. నేను ఒప్పుకోలేదు కాబట్టి కూడిక జరగలేదు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. దలా నుంచి పడవలో ఏరు దాటి వచ్చిందట. మా ఇంట్లో పెద్ద టీవీలో ఆ వీడియో ఉందని ఎవరో చెప్పారట. ఎవరు చెప్పారో అని మెట్ల వైపు తొంగి చూశాను. బయటికి పొక్కితే మమ్మల్నీ లారీ ఎక్కిస్తారు. తెలియదని చెప్పి పంపేద్దామనుకున్నాను. ఆవిడ చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడి నన్ను 'అమా' అని పిలిచింది, మనం అక్కా అన్నట్టు. కొడుకు ఆ రోజు చిమిండైంగ్ బజారుకు చేపల బుట్టతో వచ్చాడట. ఊరేగింపుతో పనే లేదట. చొక్కా మాత్రం నల్లదట. లోపలికి రమ్మన్నాను.

కరెంటు లేదు. ముగ్గురం వెలగని తెర ముందు కూర్చున్నాం. అన్నం తిన్నావా అని అడిగాను, తిన్నానంది. అబద్ధమని తెలుస్తోంది, పెడితే తినలేదు. ఫ్యాను తిరగడం మొదలయ్యాక మా ఆయన వీడియో పెట్టారు, ముఖం తిరిగే చోట ఆపారు.

ఆవిడ లేచి తెర దగ్గరికి వెళ్ళిపోయింది. అంత దగ్గరగా ఏమీ కనబడదు, వెనక్కి రా అని చెప్పబోయాను. ఆవిడ ఆ గళ్ళ మీద అరచెయ్యి వేసింది. మా వాడు నిద్రపోయేటప్పుడు నోరు అలాగే తెరుచుకుంటుంది అంది, బర్మాభాషలో, మెల్లగా, ఎవరో నిద్ర లేస్తారన్నట్టు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, వీడు మా వాడే కదా అని అడిగింది.

నేను ఆయన వైపు చూడలేకపోయాను. ఇన్ని నెలలూ నాతో పోట్లాడి ఆ ముఖాన్ని పట్టుకుని ఉన్న మనిషి ఆయన.

"అవునమ్మా, మీవాడే," అన్నారు ఆవిడ భాషలోనే.

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఇంక సన్యాసులకు భిక్ష పెట్టి, వాడి పేరున పుణ్యం ధారపోస్తానంది. మా ఆయనకు దణ్ణం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. మరి మనవాడో అని అడిగాను.

"మనోడు కాడు. ఆవిడికి దొరికేడు. దొరకనీ," అని ఆయన లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నారు. కూడిక మాట మళ్ళీ ఎత్తలేదు.

నెలల తరబడి నేను వినాలని పోట్లాడిన మాట అది. జైల్లో లేడు, ఇంట్లో లేడు, ఇప్పుడు ఆ రోడ్డు మీద కూడా లేడు. ఎక్కడ ఉన్నాడనుకుని ఏడవాలో తెలియలేదు. ఆ రిమోట్ నేనెప్పుడూ ముట్టుకోలేదు, అప్పుడు తీసుకున్నాను. పదును పెంచాను, తగ్గించాను, వెలుతురు మార్చాను. చచ్చిపడి ఉన్న ఆ పిల్లవాడు నా కొడుకే అయి ఉండాలని దేవుణ్ణి అడిగాను. ఎలా పెట్టినా మా అబ్బాయి రాలేదు. ఆవిడ కొడుకే, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.