నవలలోని మనిషికి వచ్చిన ప్రవచనం

మొన్న అమీర్‌పేటలో మెట్రో మారడానికి మెట్లెక్కుతుంటే, నా ముందు నడుస్తున్న అమ్మాయి సంచిలోంచి ఒక లావుపాటి ఇంగ్లీషు నవల తొంగిచూసింది. అట్ట మీద నల్లటి ఆకాశం, నీలం గోళం, దాని వైపు దిగుతున్న వెండి పళ్ళెం లాంటి ఓడ. అంత తొక్కిసలాటలోనూ మోకాళ్ళ నొప్పి మరచిపోయి నాలో నేనే నవ్వుకున్నాను. మన ఈడు వాళ్ళకి అమీర్‌పేట అనగానే చేతుల్లోకి తోసే కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు గుర్తుకొస్తాయి గాని, నాకు మాత్రం గ్రహాంతరవాసులే గుర్తుకొస్తారు. ఆ వెనుకే మా అక్క, ప్రభువు మాకు చేసిన మేలు.

నేను బడి గడప తొక్కలేదు. చిన్నతనంలో ఉబ్బసం వల్ల నాన్నగారే ఇంట్లో చదువు చెప్పి పరీక్షలు ప్రైవేటుగా రాయించారు. ప్రార్థన, ఇంగ్లీషు, లెక్కలు అన్నీ ఒకే చాప మీద నేర్చుకున్నదాన్ని కావడంతో, పట్నం వచ్చి డేటా ఎంట్రీ పనిలో కుదిరాక కూడా ఏది చదివినా విశ్వాసంతో కలిపి చదవడమే అలవాటు. మా పెద్దమ్మ కూతురు, మా అక్క, అప్పటికే కంప్యూటర్ కోర్సు చేసి ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతోంది. ఇద్దరం అమీర్‌పేట పక్కనే మధురానగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం.

పంజాగుట్టలో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరచుకొని కూర్చునే భాయ్ ఒకాయన నాకు ఈ రుచి మరిగించాడు. "ఇగో మేడమ్, గీ దాంట్ల సుక్కలకెంచి దిగొస్తరు. మస్తుంటది. నచ్చకపోతే వాపస్ తే, ఫికర్ జెయ్యకు" అని అట్ట దులిపి ఇచ్చేవాడు. ఆకాశం నుంచి వెలుగులా దిగి, మీ కన్నీళ్ళన్నీ తుడుస్తాం, మమ్మల్ని నమ్మితే చాలు అనే పాత్ర ఎక్కడ కనిపించినా పెన్సిలుతో పక్కన గీత పెట్టుకొనేదాన్ని. సాతాను కూడా వెలుగు వేషంలోనే వస్తాడని నాన్నగారు నేర్పిన పాఠం నాకు ఆ కథల్లో కళ్ళకు కట్టినట్టు కనిపించేది. చదివినంత మేరా అక్కకి చెప్పేదాన్ని. తను సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ, "ఏంటే, ఇవాళ మళ్ళీ ఎవరు దిగారు?" అని వెక్కిరిస్తూనే ఊఁ కొట్టేది.

ఆ నవలల్లో ఒకటి మా ఇద్దరినీ ఏడిపించింది. ఒక చిన్న ఊళ్ళో ఉత్తరాలు చూసే పోస్టుమిస్ట్రెస్. ఆమె భర్త సముద్రం మీదికి వెళ్ళి తిరిగిరాలేదు. పైనుంచి దిగినవాళ్ళు ఊళ్ళో ప్రతివాళ్ళ రహస్యాలూ చెబుతుంటే జనం సాష్టాంగపడతారు. ఆమె ఒక్కతే కనిపెడుతుంది, కాగితం మీద రాసిన రహస్యాలు తప్ప మనసులో దాచుకున్నవి వాళ్ళకు తెలియవని. దిగడానికి ముందు వాళ్ళు చేసిందల్లా ఊరి ఉత్తరాలు చదవడమేనన్నమాట.

అదే రోజుల్లో మా వీధి చివర ఒక మేడ మీద శుక్రవారం సాయంత్రాల ప్రార్థన కూటానికి ఒక బ్రదర్‌గారు రావడం మొదలుపెట్టారు. గుమ్మం దగ్గర పెట్టెలో మన మనవి చీటీ మీద రాసి వేయాలి; ఆయన ఆ పెట్టెతో పక్క గదిలో ఒంటరిగా ప్రార్థించి వచ్చి, చీటీ విప్పకుండానే ప్రభువు చూపించాడంటూ ఒక్కొక్కరి కష్టం చెప్పేవారు. ఉద్యోగం కోసం ఎదురుచూసే హాస్టల్ పిల్లలం, కన్నీళ్ళు ఆగేవి కావు. నా నవలల సంగతి తెలిసి, ఆయన అవి మోసపరచే ఆత్మకు తలుపులని మందలిస్తే, బెదిరిపోయి వాటన్నిటినీ గోనెసంచిలో కట్టి మంచం కిందికి తోశాను.

ఏడాది తిరిగాక అక్కకి పంజాగుట్టలోనే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఈ సోమవారం కాక ఆ పై సోమవారం చేరాలి. కృతజ్ఞతగా చీటీ రాసి వేస్తే, ఆ ఉద్యోగం ఉచ్చు అని, అది వదిలి తన పరిచర్యలో ఉండిపోవాలని ప్రవచనం చెప్పారు బ్రదర్‌గారు. అక్క నిజంగానే కంపెనీకి రానని ఉత్తరం రాసి పెట్టుకుంది. వచ్చే శుక్రవారం ఆయన ఆశీర్వదించాక పోస్టు చేస్తుందట.

ఆ రాత్రి నేను ఉండబట్టలేక, "చీటీలో లేని ముక్క ఆయన ఎప్పుడైనా చెప్పాడా అక్కా?" అంటే, "దైవజనుణ్ణి అనుమానిస్తావా? నీ చుక్కల మనుషులే నీకు తలకెక్కారు!" అని అటు తిరిగి పడుకుంది. రెండు రోజులు ప్రార్థించాను. అబద్ధం రాయడానికి మనసొప్పలేదు. చివరికి నేను నిజంగా కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి గురించే రాశాను: పోస్టాఫీసులో పనిచేసే ఒక సహోదరి, సముద్రం మీదికి వెళ్ళిన భర్త కోసం ఎదురుచూస్తోంది.

శుక్రవారం బ్రదర్‌గారు కళ్ళు మూసుకొని చేతులెత్తారు. "తపాలా పని చేసే నా కుమార్తె ఈ రోజు ఇక్కడే కూర్చుని ఉంది! నీ భర్త బతికే ఉన్నాడమ్మా. పడమటి తీరాన అతణ్ణి ప్రభువు నాకు చూపిస్తున్నాడు. అంటున్నాడు, మూడు నెలల్లో తీసుకొస్తానని!"

అందరూ స్తోత్రం అన్నారు. అక్క మాత్రం మెల్లగా నా వైపు తిరిగింది. తన మొహం ముందు తెల్లబోయింది, తరవాత పెదవులు వణికాయి, ఏడుస్తుందనుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకొని నవ్వు ఆపుకుంటోంది. "ఒసేయ్, ఆవిడ మన పుస్తకంలో ఆవిడే!" అంది నా చెవిలో. ఇద్దరం చెప్పులు చేత్తో పట్టుకొని మెట్లు దిగిపోయాం. వీధిలోకి రాగానే అక్క ఆ ఉత్తరం నాలుగు ముక్కలు చేసింది. నేను అక్కడే, కొబ్బరిబొండాల బండి పక్కన నిలబడి దేవునికి వందనాలు చెప్పుకున్నాను.

సోమవారం అక్క గంజి పెట్టిన చీర కట్టుకొని ఉద్యోగంలో చేరింది. ఇరవై ఏళ్ళకు పైగా అందులోనే చేసి, పిల్లలను చదివించుకొని, మొన్ననే రిటైరైంది.

నన్నడిగితే ఆ రోజు మమ్మల్ని కాపాడింది నా తెలివి కాదు. ఆ నవల నేనొక్కదాన్నే చదివి మూసేసి ఉంటే, ఆ ప్రవచనం వినగానే అక్క కూడా అందరితో పాటు స్తోత్రం అనేది. దేవుడు అక్కని ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టి, వెక్కిరింపుల మధ్యే కథంతా వినిపించాడు. ఇప్పుడు మా ఇంట్లో నలుగురం నాలుగు తెరలు చూస్తాం. చెవుల్లో ఎవరి పాట వాళ్ళకి. ఒకరు ఏ కథకు ఏడుస్తున్నారో పక్కవాళ్ళకి తెలియడం లేదు.