పటాన్‌చెరు చాయ్ హోటల్లో చేసిన బంగారం

మా బడిలో రసాయన శాస్త్రం చెప్పే పోస్టు ఒక్కటే ఉండేది. ఆ పోస్టులో నేనొక్కడినే ఉండేవాణ్ణి. కాబట్టి ఆ శాస్త్రంలో నన్ను మించినవాడు ఆ ప్రాంగణంలో లేడన్న నమ్మకం నాకు తేలిగ్గానే కుదిరింది. సంగారెడ్డి హైస్కూలు నుంచి మా హెడ్మాస్టరుగారికి ఉత్తరం వచ్చింది, పిల్లలకు లోహాల గుణాలు కళ్ళారా చూపించే మనిషిని ఒకరోజు పంపమని. ఆయన ఉత్తరం మడత పెట్టకముందే నేను ఒప్పుకున్నాను. ఏమేం చూపిస్తానో జవాబు కూడా నేనే రాశాను. అందులో ఆఖరి అంశం "రాగి పైసా బంగారు రంగుకు మారుట" అని రాసి కింద గీత గీశాను.

హైదరాబాదు రాష్ట్రం ఇంకో నాలుగైదు నెలల్లో ఉండదని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. జూన్ నెల, అప్పుడే ఒక వాన పడింది. ఉదయం ఏడుంబావుకు గౌలిగూడలో సర్కారు బస్సు ఎక్కాను. సంగారెడ్డికి టికెట్టు పదమూడు అణాలు. ఆ దారిన వెళ్ళేవారెవరైనా ఉంటే ఎడమవైపు కిటికీ పట్టుకోండి, పొద్దుటెండ మీద పడదు. నేను కుడివైపు కూర్చున్నాను.

ఒళ్ళో చెక్కపెట్టె. అందులో రాగి రేకు, తగరం కడ్డీ, సీసం కడ్డీ, జింకు పొడి, కాస్టిక్ సోడా, మెగ్నీషియం రిబ్బను, గ్యాసునూనెలో, అంటే కిరసనాయిల్లో, మునిగిన సోడియం ముక్క. బస్సు మెహదీపట్నం కూడా దాటకముందే కండక్టరు ముక్కు ఎగబీల్చాడు.

"ఎవరిదయ్యా గ్యాసునూనె? వాసనొస్తున్నది!"

"అది నూనె కోసం తెచ్చిన నూనె కాదు. లోపల సోడియం అనే లోహం ఉంది. గాలి తగలకుండా నూనెలో ఉంచుతాం. నీళ్ళు తగిలితే మండుతుంది" అని కొంచెం గట్టిగానే చెప్పాను, వెనకవాళ్ళకు కూడా వినిపించాలని. వినిపించింది. ముందు సీట్లో ఇద్దరు, వెనక సీట్లో ముగ్గురు లేచి వెళ్ళి బస్సు చివర నిలబడ్డారు. నా పక్కన మాత్రం ఒక ముసలాయన కదలకుండా కూర్చున్నాడు. తెల్లగడ్డం, మసిపట్టిన వేళ్ళు, కాళ్ళ దగ్గర గోనెసంచి, దాంట్లోంచి తోలుతిత్తి మూతి కనిపిస్తోంది. పేరు యాకూబ్ అని చెప్పాడు. రాగి గిన్నెలకు కలాయి, అంటే తగరం పూత, పూస్తాడట. సంగారెడ్డిలో ఎవరింట్లోనో పెళ్ళి ఉంది, వంట డేగిసాలన్నిటికీ కలాయి వేయడానికి పోతున్నాడు.

"పెట్టెల ఏముంది సాబ్?"

ఇక్కడ నేను చదువుకున్న చదువు గురించి చెప్పాలి. బడి నుంచి కాలేజీ దాకా నాకు చదువంతా ఉర్దూలోనే సాగింది. 'రసాయన శాస్త్రం' అన్న మాట నా నోటికి ఎక్కి రెండేళ్ళయిందో లేదో. ముసలాయన మియాసాబు కదా, ఆయన భాషలోనే చెబుదామని దర్జాగా, "కీమియా సామాను చాచా. నేను కీమియా పాఠం చెప్తాను" అన్నాను.

మా కాలేజీలో కీమియా అంటే రసాయన శాస్త్రం. కాలేజీ గోడ దాటితే కీమియా అంటే రాగిని బంగారం చేసే విద్య. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, ఆ క్షణంలో గుర్తులేదు, అంతే. యాకూబ్ చాచా నావైపు ఒకసారి చూసి గోనెసంచి దగ్గరికి లాక్కున్నాడు. బస్సు చివర నిలబడ్డవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే మళ్ళీ దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నా ఉపన్యాస ధోరణి వాళ్ళకు నచ్చిందనుకున్నాను.

నచ్చాక ఆగుతానా? పెట్టె తెరిచి కడ్డీ ఒకటి బయటికి తీసి, "ఇది తగరం. మీ కలాయి లోహం. మీరు రాంగ అంటారు" అని చాచా చేతికిచ్చాను. కడ్డీకి చీటీ కూడా ఉంది, ముందురోజు మెతుకులతో నేనే అంటించాను.

ఆయన చీటీ చదవలేదు. కడ్డీని అరచేతిలో ఒకసారి ఎగరేసి, చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచాడు.

"ఇది రాంగ కాదు సాబ్. సీసం."

"చీటీ ఉంది కదా చాచా."

"చీటీ ఉంటే ఉండని. రాంగ వంచితే ఏడుస్తది. ఇది ఏడుస్తలేదు. రెండోది ఇయ్యిండ్రి జెర."

రెండో కడ్డీ తీసిస్తే నా చెవి దగ్గర వంచాడు. కిర్రుమని సన్నగా, స్పష్టంగా వినిపించింది. తగరం వంచితే లోపలి స్ఫటికాలు రాసుకుని చప్పుడవుతుందని నేను మూడేళ్ళుగా పాఠం చెబుతున్నాను, పరీక్షలో ప్రశ్న కూడా ఇస్తున్నాను. చెవులారా వినడం మాత్రం అదే మొదటిసారి. రెండు కడ్డీలనూ గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది, చీటీలు తారుమారు చేసి అంటించినవాణ్ణి నేనే. కండక్టరు నవ్వు దాచుకోవడానికి కిటికీలోంచి బయటికి చూశాడు.

ఎనిమిదీ నలభైకి పటాన్‌చెరులో బస్సు ఆగింది. ఇంజను మూత తెరిస్తే పొగలు. "అర్ధగంట పడతది, చాయ్ తాగిరాండ్రి" అన్నాడు డ్రైవరు. రోడ్డు పక్కనే రేకుల కప్పు హోటలు. చాయ్ ఒక అణా, ఉప్పు బిస్కత్తు బాగుంటుంది. నేను చాయ్ మాత్రమే తాగి ఊరుకుంటే ఈ కథనం ఇక్కడ రెండు ముక్కల్లో అయిపోయేది. కాని బస్సులో పోయిన పరువును సంగారెడ్డి చేరేలోపే రాబట్టుకోవాలనిపించింది.

హోటలు సేటును బతిమాలి పొయ్యి మీద కాస్త చోటు సంపాదించాను. పింగాణీ గిన్నెలో జింకు పొడి, కాస్టిక్ సోడా, నీళ్ళు పోసి కాచాను. జేబులోంచి నడుమ చిల్లున్న రాగి తూటు పైసా తీసి, చింతపండుతో తోమి, అందులో వేశాను. కొద్దిసేపటికి పైసా తెల్లబడింది. "వెండైంది!" అన్నారెవరో. పటకారుతో తీసి, కడిగి, నిప్పుల సెగకు చూపించాను. తెలుపు మెల్లగా పసుపైంది. పైసా బంగారంలా మెరిసింది.

అప్పుడే ఒక్కమాట చెప్పాల్సింది: రాగి మీద జింకు పూత పడింది, వేడికి రెండూ కలిసి ఇత్తడి అయ్యాయి, అంతే. చెప్పలేదు. హోటలంతా చాయ్ చప్పరించడం మానేసి నావైపే చూస్తోంది. నా జీవితంలో ఏ తరగతిలోనూ అంత నిశ్శబ్దం దొరకలేదు. ఇంకో అరనిమిషం అనుభవిద్దామనుకున్నాను.

ఆ అరనిమిషంలో ఒకాయన వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. పేరు పెంటయ్య, ఊరు జిన్నారం. తెల్లవారకముందే బయల్దేరి నడిచొచ్చి మా బస్సు కోసం కూర్చున్నాడు.

"సారూ, నువ్వు కీమియా సారువట గదా, కండక్టర్ చెప్పిండు. నా ఎడ్లల్ల ఒకటి ఎండకాలం సచ్చిపోయింది. రెండోదాన్ని అమ్మి, నా పెండ్లాం కడియాలు అమ్మి, ఇగో, జత ఎడ్లు కొనేతందుకు సంగారెడ్డి అంగడికి పోతున్న." నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి నా ముందు బల్ల మీద పెట్టాడు. "ఇది నీ దగ్గర పెట్టుకో. రాగి ఎంత కావాల్నో చెప్పు, తెస్త."

"మరి ఎడ్లు?"

"వచ్చే ఏడు కొనుక్కుంట."

"విత్తేదెట్లా? వాన పడింది కదా?"

"ఈ ఏడు బీడు పెడత తియ్ సారూ. బంగారం కన్నా పొలం ఎక్కువనా?"

నేను సంచిని వెనక్కి నెట్టాను. రాగి ఒక మూలకమని, బంగారం ఇంకొక మూలకమని, ఒక మూలకం పరమాణువు ఇంకో మూలకం పరమాణువుగా పొయ్యి మీద మారదని చెప్పాను. అంతా విని అతను తల ఊపాడు.

"ఎరుకున్నోళ్ళు గిట్లనే అంటరు సారూ."

"అయ్యో, ఇది ఇత్తడి! ఒట్టి ఇత్తడి!"

"అందరి ముందర గట్లనే చెప్పాలె. నాకు సమజైంది" అని గొంతు తగ్గించి కన్నుగీటాడు. కాదన్న కొద్దీ నా మహిమ పెరుగుతోంది. కండక్టరు కూడా "అసలోళ్ళు ఒప్పుకోరు" అని పక్కనున్నవాడితో అంటున్నాడు. ఏడేళ్ళు చదివి సంపాదించిన పట్టా ఉండి, ఇది ఇత్తడి అని ఒక్క రైతును నమ్మించలేకపోయాను. నా సరదా మూలాన వాళ్ళ పొలంలో ఈ ఏడు గింజ పండదు.

బస్సు హారను మోగింది. పెంటయ్య కదల్లేదు. "నేను అంగడికి పోను. సారు ఎంట పోత" అన్నాడు.

అప్పటిదాకా మూలన చాయ్ తాగుతున్న యాకూబ్ చాచా లేచాడు. నా చేతిలోంచి పైసా తీసుకుని నిప్పుల మధ్యలో పెట్టాడు. సంచిలోంచి తిత్తి తీసి ఊదాడు. పైసా ఎర్రగా కాలేదాకా ఊది, బయటికి తీసి, చిటికెడు నవసాగరం పొడి చల్లి, దూదితో ఒక్కసారి తుడిచాడు. అది కలాయివాళ్ళ పని, ఆ చేయి తిరగడంలోనే తెలుస్తుంది. పసుపు పోయింది. కింద ఎర్రగా రాగి.

"సూడు బిడ్డా. బంగారమైతే పొద్దుందాక నిప్పుల పెట్టినా బంగారమే ఉంటది. ఇది జస్తు పూసిన పైసా." జస్తు అంటే నా జింకే.

"నువ్వే చెడగొట్టినవ్ చాచా!" పెంటయ్య అరిచాడు. "మంచిగున్నదాన్ని కాలబెట్టినవ్!"

చాచా కోపం తెచ్చుకోలేదు. అతని పక్కనే బల్ల మీద కూర్చున్నాడు.

"నేను ఏడేండ్లు చేసిన బిడ్డా, కీమియా. గిట్లనే ఒకడొచ్చి సూపెట్టి పోయిండు. ఇంట్ల రాగి బిందె కరగబెట్టిన. కాగు కరగబెట్టిన. తాంబాళాలు కరగబెట్టిన. ఊరందరి గిన్నెలకు కలాయి పూసేటోని ఇంట్ల మట్టికుండల వంట. నా పెండ్లాం ఒక్కమాట అనలే. అంటే ఆగుతుంటినేమో. ఆమె పోయిననాడు నీళ్ళు పోయనీకి చెంబు పక్కింట్ల అడుక్కొచ్చిన." బల్ల మీది గుడ్డసంచి తీసి అతని చేతిలో పెట్టాడు. "సంచి కట్టుకో. ఎడ్లు కొను, పో."

పెంటయ్య పైసా వైపు ఇంకోసారి చూశాడు. తర్వాత సంచి నడుముకు కట్టుకుని, బస్సెక్కి చివరి సీట్లో కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకు బస్సు కదిలింది. నేను పెట్టె ఒళ్ళో పెట్టుకుని తలవంచుకున్నాను.  కంది అనే ఊరు దాటాక చాచా మెల్లగా, "సాబ్, ఇత్తడి అని ముందుగాల చెప్పి చేస్తే ఏమైతుండె?" అన్నాడు. తిట్టినట్టు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. 

పదీ ఇరవైకి సంగారెడ్డి చేరాం. చాచా పెళ్ళివారి ఇంటికి, పెంటయ్య అంగడికి, నేను బడికి. పదకొండుకు ప్రదర్శన. మెగ్నీషియం వెలుగుకు పిల్లలు కళ్ళు మూసుకున్నారు. నీళ్ళ మీద సోడియం బుసకొడుతూ పరిగెత్తి, చివర టప్పుమని పేలింది, మొదటి వరస పిల్లలు రెండో వరస మీద పడ్డారు. సీసంతో కాగితం మీద గీత గీసి చూపించాను. తగరం కడ్డీ పట్టుకుని వరసగా అందరి చెవుల దగ్గరా వంచాను. ఆ ఏడుపు వినడానికి కొందరు రెండోసారి కూడా వరసలో నిలబడ్డారు. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో చెప్పాలనుకుంటూ ఉండగానే గంట కొట్టేశారు.

అక్కడి హెడ్మాస్టరుగారు నా ఉత్తరం చేతిలో పట్టుకుని, "ఆఖరి అంశం ఉండిపాయె గద మాస్టారూ" అన్నారు. జింకు పొడి దారిలో ఒలికిపోయిందని అబద్ధం చెప్పాను. ఆయన నిరాశపడ్డారు గాని భోజనం మాత్రం తక్కువ చేయలేదు. జొన్నరొట్టె, పుంటికూర, గట్టి పెరుగు. ఆ మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా బడి వరండాలో పడుకున్నాను. నిద్ర పట్టలేదు. అంగడి ఎటువైపో ప్యూనును రెండుసార్లు అడిగాను, వెళ్ళడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.

అయిదున్నరకు తిరుగు బస్సు. ఈసారి చోటు దొరికినచోట కూర్చున్నాను. కంది దగ్గర బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా జత ఎడ్లు, మోటారు చప్పుడుకు బెదిరి, ఒకటి అటు, ఒకటి ఇటు లాగుతున్నాయి. మధ్యలో పగ్గాలు పట్టుకుని పెంటయ్య. డ్రైవరు తిడుతున్నాడు.  తెల్లటి ఎడ్లు, మూపురాలు నిండుగా ఉన్నాయి. కిటికీలోంచి సగం బయటికి వంగి, "పెంటయ్యా! కొన్నావా?" అని అరిచాను. బస్సులో అందరూ నావైపు తిరిగారు.

అతను నన్ను గుర్తుపట్టాడు. ఎడ్లను రోడ్డు పక్కకు లాగి, పగ్గాలు చేతికి చుట్టుకుని, కిటికీ కిందికి వచ్చాడు. ముఖమంతా నవ్వు. మెడ పైకెత్తి, పక్కవాళ్ళకు వినపడకుండా మెల్లగా అన్నాడు.

"ఎడ్లు కొన్న సారూ. పైసలన్నీ అయిపోయినయ్. ఇగ నేనేం అడగను. ఇప్పుడన్న నిజం చెప్పు. బంగారం అయితది గదా?"

"కాదు పెంటయ్యా" అన్నాను. "నిజంగా కాదు."

"సరే తియ్ సారూ" అన్నాడు, గుట్టు విప్పని నా పెద్దరికాన్ని మెచ్చుకుంటున్నట్టు.

బస్సు కదిలింది. అతను పగ్గాలున్న చేతినే నుదుటి దాకా ఎత్తి నాకు సలాం చేశాడు. బళ్ళో పిల్లలు మాస్టర్లకు చేసే సలాం కాదది, పీరు ముందర నిలబడి చేసేది. ఎవరైనా ఒకరోజు నాకు అలా సలాం చేయాలని ఎన్నో ఏళ్ళుగా నా మనసులో కోరిక ఉండేది. తిరిగి చేయి ఎత్తడానికి సిగ్గేసింది. పటాన్‌చెరు వచ్చినా దిగి చాయ్ తాగలేదు.