నల్లబండ మీద పచ్చాకు

నిన్న ఉదయం కాఫీ తాగుతూ పేపరు తిరగేస్తుంటే, లోపలి పేజీలో మా పెద్దసారు శాలువా కప్పుకుని నవ్వుతూ కనిపించాడు. సీమలో కృత్రిమ మేధ పరిశోధనకు ఆయనే ఆద్యుడట, ఆ రోజుల్లోనే వేరుశనగ రైతు కోసం కంప్యూటరుకు కళ్లిచ్చిన మహానుభావుడట. ఒళ్లు మండిపోయింది. రిటైరయ్యాక కోపాలన్నీ చల్లబడ్డాయనే అనుకున్నాను గానీ, ఇదొక్కటి నివురుగప్పిన నిప్పులా అలాగే ఉంది. నా ఈడువాళ్లకు ఇలాంటి సారు ఒక్కరైనా తగిలే ఉంటారు కాబట్టి మీతోనే చెప్పుకుంటున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల మాట. కర్నూలులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతూ, ఆయన దగ్గరే డాక్టరేటుకు చేరాను. మొక్కల శాస్త్రంవాళ్లూ, లెక్కలవాళ్లూ, మాబోటి కంప్యూటరువాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడమే అప్పట్లో వింత. వేరుశనగ ఆకు ఫోటో చూపిస్తే, దానికి ఆకుమచ్చ తెగులు ఉందో లేదో యంత్రమే చెప్పాలన్నది మా పంతం. మచ్చ ఇలా ఉంటుందని మనం దానికి చెప్పం. తెగులు ఆకులు కొన్ని, మంచి ఆకులు కొన్ని చూపిస్తూ పోతే, తేడా ఏమిటో అదే పట్టుకుంటుంది.

తెగులు ఆకులు పులివెందుల దగ్గర మా మేనమామ చేలో దొరికేవి. కోసిన ఆకు కర్నూలు చేరేలోపు వాడిపోతుంది కనుక ఆయన ఇంటి వసారాలోనే పరిచి ఫోటోలు తీసేదాన్ని. మంచి ఆకులు నందికొట్కూరు వైపు నుంచి తెప్పించి కాలేజీ గదిలో నేలమీద పరిచేదాన్ని. ఆరబెట్టేదైనా ఏరేదైనా కడిగిన బండ మీద పరచడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన అలవాటు కదా. నేను వస్తున్నానంటే చాలు, మా అత్త వసారా అంతా నీళ్లు కొట్టి తుడిచి ఉంచేది, పని కాగానే అక్కడే కూర్చోబెట్టి వేడివేడి ఓళిగలు పెట్టేది. మొత్తానికి యంత్రం ఏ ఫోటో చూపినా తడుముకోకుండా సరిగ్గా చెప్పడం మొదలుపెట్టింది, పెద్దసారు కాలేజీ అంతటికీ మిఠాయిలు పంచాడు.

మామ ఇంట్లో తీసిన ఫోటోల్లో ఒకదాంట్లో పొరపాటున ఆకుకు బదులు నేను విడిచిన చెప్పు పడింది. సరదాకు దాన్ని చూపిస్తే, యంత్రం తెగులు ఉందని చెప్పింది. పడిపడి నవ్వాను, అంతలోనే నవ్వు ఆగిపోయింది. మామ వసారాలో పరిచింది నల్లటి కడప బండ, కాలేజీ గదిలో వేసింది లేతరంగు బేతంచెర్ల బండ. ఆ యంత్రం ఆకు మీద మచ్చను చూడనే లేదు. కింద నల్లగా ఉంటే తెగులు, తెల్లగా ఉంటే మంచిది, అంతవరకే నేర్చుకుంది!

సంగతి చెప్పాలని పరుగున వెళ్తుంటే పెద్దసారే ఎదురొచ్చాడు. పరిశోధన పత్రం పంపేశాననీ, దాంట్లో తన పేరు పక్కన తన అల్లుడి పేరు పెట్టాననీ, అతని ఉద్యోగానికి అది అవసరమనీ చల్లగా చెప్పి, "నీకేముందిలేమ్మా, ఇంకోటి రాసుకుంటావు" అన్నాడు. ఆ అల్లుడు ఒక్క ఆకైనా తాకిన పాపాన పోలేదు. పత్రంలో నా పేరు లేకపోతే నాకు డాక్టరేటు లేదు, అది లేకపోతే నా ఉద్యోగం పర్మనెంటయ్యే దారీ లేదు. బండల సంగతి నాలోనే దాచుకుని వెనుదిరిగాను.

కొన్నాళ్లకు కడపలో రైతుల ముందు ప్రదర్శన పెట్టుకున్నాడు. ఆకులు దేనిమీద పెడదామని నన్నే అడిగాడు. కడపకు వెళ్లి కడప బండ కాక ఇంకేం సార్, పచ్చాకు దానిమీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది అన్నాను. నా తెలివిని మెచ్చుకున్నాడు కూడా! వెంటనే మామకు ఫోన్ చేసి, మచ్చలేని మంచి ఆకులు కోసుకుని తప్పకుండా రమ్మని చెప్పాను.

పట్టుచొక్కా వేసుకున్న సారు అల్లుడు బండ మీద మా మేనమామ తెచ్చిన ఆకు పెట్టి ఫోటో తీశాడు. తెగులు ఉంది అని పడింది తెరమీద. ఇంకో రైతు ఆకు పెట్టాడు, తెగులే. ఎవరి ఆకు పెట్టినా తెగులే.

మామ లేచి, "ఏం సారూ, ఇప్పుడే పెరుక్కొచ్చినా గదా, చెనిక్కాయ ఆకు పచ్చగా ఉండాది. తెగులు యాడుండాదో సూపీ సామీ" అన్నాడు.

చెమట తుడుచుకోవడానికి పెద్దసారు కళ్లజోడు తీసి ఆ బండ మీదే పెట్టాడు, కంగారులో అల్లుడు దానికీ ఫోటో తీశాడు. తెరమీద మళ్లీ తెగులు ఉంది! "అయితే సారుకు గూడా మందు కొట్టాల్సిందేనప్పా" అన్నాడు మామ. హాలంతా గొల్లుమంది. వెనక వరసలో కూర్చుని నేనూ కడుపారా నవ్వుకున్నాను.

ఆ పత్రం ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు, అల్లుడికి ఆ ఉద్యోగమూ రాలేదు. దాంతోపాటే నా డాక్టరేటూ మట్టిలో కలిసింది, చివరిదాకా తాత్కాలిక ఉద్యోగిగానే ఉండిపోయాను. అది గుర్తొచ్చినప్పుడు బాధపడ్డాను గానీ, చేసినదానికి ఒక్కనాడూ అయ్యో అనుకోలేదు. నవ్వినవాళ్లు మరిచిపోయారు, ఆయనకేమో శాలువా దక్కింది.

కాలం ఎంత మారిందో! పేపరు పక్కన పడేసి, మా వంటింటి కడప బండ మీద కరివేపాకు పెట్టి ఫోనుకు చూపించాను. అది ఏ ఆకో, దానికి పట్టిన పురుగేదో తడుముకోకుండా చెప్పేసింది. ఒక్క ఆకుమచ్చ కోసం మేం పడ్డ పాట్లు తలుచుకుంటే కళ్లు చెమర్చాయి. తర్వాత అదే బండ మీద పేపర్లోని పెద్దసారు బొమ్మ పెట్టి చూపించాను. శాలువా కప్పుకుని సంతోషంగా నవ్వుతున్న పెద్దమనిషి అంది. ఇంత తెలివొచ్చి ఏం లాభం? నేను నేర్పిన ఆ పాతదే అయితే, తెగులు ఉంది అని ఒక్క ముక్కలో తేల్చేసేది.