చిన్నమ్మ పొయ్యి

బెంగళూరు పాతపేటలో మగ్గాలు మావే, పట్టు మాత్రం షావుకారుది. ఆయనకు కోపమొస్తే పట్టు రాదు, మగ్గం ఆడదు. తొంభైలలో ఒకసారి అలా మగ్గాలు ఆగిపోతే, మా నాయన, ఆయన తమ్ముడు చిన్నాయన కలిసి నేతగాళ్ళ సహకార సంఘం పెట్టడానికి నడుం కట్టారు. చెప్పులరిగేలా తిరిగి, తమ ఇద్దరితో కలిపి పది మందిని కూడగట్టారు.

సహకార శాఖ ఆఫీసులో అధికారి రేషన్ కార్డులు తిరగేశాడు.

"పది మందీ పది కుటుంబాల వాళ్ళయి ఉండాలప్పా. మీ అన్నదమ్ములది ఒకే కార్డు, ఒకే పొయ్యి. లెక్కకు తొమ్మిదే."

పదోవాడి కోసం పేటంతా అడిగారు. షావుకారంటే అందరికీ హడలే, ఎవడొస్తాడు! చివరికి నాయన, చిన్నాయనకు వేరే పొయ్యి, వేరే కార్డు పెట్టిద్దామన్నాడు.

అవ్వ అగ్గి మీద గుగ్గిలమైంది. "నేను బతికుండంగానే ఈ ఇంట్లో రెండు పొయ్యిలా? నా కొడుకులు వేరు పడినారని పేటంతా అనుకోరా?"

రెండు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "కాగితం కోసరమేమ్మా. సంఘం రిజిస్టరైన దినమే ఎత్తేస్తాము, నీ మీద ఒట్టు" అని నాయన బతిమాలితే ఒప్పుకుంది.

వెనక వసారాలో చిన్నమ్మకు కిరసనాయిలు స్టవ్వు పెట్టారు. అధికారి చూడటానికొచ్చి, రెండు పొయ్యిల దగ్గరా రెండు కాఫీలు తాగి మరీ వెళ్ళాడు.

కాగితాలు కదలడానికి నెలలు పట్టింది. అన్నాళ్ళూ చిన్నమ్మ వేరేగానే వండింది. ఆమెది అనంతపురం పక్క. మా ఇంట్లో ఏం వండాలో చెప్పేది అవ్వ, వడ్డించేదీ అవ్వే. చిన్నమ్మకిష్టమైన ఉగ్గాని మా గడప తొక్కలేదు. "పొద్దున్నే బొరుగులు తినే మొహాలు" అని అవ్వ ఎకసెక్కం. ఇప్పుడు వసారాలో రోజూ ఉగ్గానే. నేను రెండు చోట్లా తినేదాన్ని.

సర్టిఫికెట్ వచ్చింది. నాయన దానికి కుంకుమ పెట్టి దేవుడి ముందు ఉంచాడు. అవ్వ, "ఇంక ఆ స్టవ్వు ఎత్తండి" అంది.

ఏనాడూ అవ్వకు ఎదురుచెప్పని చిన్నమ్మ తల దించుకునే అంది: "ఉండనీ అత్తా. ఇన్నేండ్లకు నాకంటూ ఒక పొయ్యి ఉండాది."

అవ్వ లేచి లోపలికెళ్ళిపోయింది. నాకైతే చిన్నమ్మ మీద ఒళ్ళు మండింది. బంగారంలాంటి ఇంటిని చీల్చిందని ఆమెతో మాటలు మానేశాను. నా ముఖానికి అంతకంటే ఏం తెలుసు! అవ్వ చేతి కింద ఆమె ఎన్నేళ్ళు ఉల్లిపాయలు తరిగిందో నేనెప్పుడైనా చూశానా?

అవ్వ వసారా వైపు కన్నెత్తి చూడలేదు. సంఘం పట్టు మొదటిసారి మా మగ్గమెక్కిన రోజు పొద్దున మాత్రం, తన కంచం తనే తీసుకుని వెళ్ళి స్టవ్వు ముందు కూర్చుంది.

"ఏమ్మే, నాకు పెట్టవా?"

చిన్నమ్మ గరిటె పట్టుకునే ఏడ్చింది. అవ్వ ఒకరిని తిండి పెట్టమని అడగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.