మల్లిక చేలో యల్లప్ప మంద

మల్లిక మా మిద్దె మీది గదిలోకి దిగిన రోజే షరతులు చెప్పాను. నీళ్ళు వృథా చేయొద్దు, చెప్పులు మెట్ల కిందే విడవాలి. మట్టి ఆరబెట్టొద్దని మాత్రం చెప్పలేదు. ఆరబెట్టే మనిషి ఉంటుందని నాకెట్లా తెలుస్తుంది? పెనుకొండ బజారులో ముప్పై ఏళ్ళుగా కిరాణా అంగడి నడుపుతున్న కన్యకమ్మను నేను. మిద్దె మీద మిరపకాయలు ఆరబెట్టడమే నాకు తెలుసు. ఈ పిల్ల రోజూ హిందూపురం బస్సెక్కి పీజీలో పర్యావరణ నిర్వహణ చదువుకునేది. సెలవొస్తే ఊరికి పోయి, సంచుల్లో మట్టి తెచ్చి నా మిరపకాయల పక్కన పరిచేది.

"ఏమ్మే, మీ ఊరంతా నా మిద్దె మీదికి మోస్తాండావా?" అంటే నవ్వేది.

వాళ్ళది రామగిరి దగ్గర పల్లె. నాయన యల్లప్పకు నూటయాభై గొర్రెలు. కోతలయ్యాక రైతులు పిలిస్తే వాళ్ళ చేలల్లో వల చుట్టి రాత్రికి మంద ఆపుతాడు. తెల్లారేసరికి పెంటికలు, ఉచ్చ కలిసి నేలకు మంచి ఎరువు. మల్లిక ఆ పనినే ప్రాజెక్టుగా తీసుకుంది. మంద ఆపితే మట్టిలో నత్రజని ఎంత పెరుగుతుందో కొలిచి చూపాలి. అందుకు పక్కపక్కనే రెండు చేలు ఎంచుకుంది. ఒకదాంట్లో మంద ఆపుతారు. రెండోదాన్ని ఎవరూ ముట్టకూడదు, తేడా తెలిసేది దాంతోనే. ఎవరూ దిగకుండా దాని నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతింది.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. రెండు చేలూ దాదాపు సమానం! సంచులు కలిసిపోయాయేమోనని గైడు మాధవీలత మేడం అనుమానించింది. నెలలోగా దీనికి కారణం తేల్చకపోతే ప్రాజెక్టు తీసుకోనని, డిగ్రీ వచ్చే ఏడాదికి పోతుందని ఖండితంగా చెప్పేసింది.

ఆ సాయంత్రం నా నోరు ఊరుకోలేదు. "రెండో చేని అంకెలు కాస్త తగ్గించి రాయరాదా? ఎవురు చూస్తారు?" అన్నాను.

"మీ తక్కెడను మీరు వేలితో నొక్కుతారా పెద్దమ్మా?" అంది. నాకు సిగ్గేసింది. "నా సంచులు కలవలేదు. చేన్లోనే ఏదో జరిగిండాది. పోయి కనుక్కుంటా."

ఆదివారం అంగడి మా ఆయనకు అప్పగించి నేనూ వెంట పోయాను. చేని గట్టు మీదే యల్లప్ప ఎదురయ్యాడు.

"నాయనా, ఈ ఎర్రగుడ్డల చేన్లో ఎవురన్నా మంద ఆపినారా?"

"నేనే ఆపినా," అన్నాడు సంబరంగా. "పక్క చేను కళకళలాడతాంటే నీ చేను బోసిగా ఉండాది. మీ మేడం వచ్చి చూస్తే ఏమనుకుంటాది? గొర్రెలోని కూతురి చేన్లో మంద పడల్యా అనదా?"

"ఎవురూ దిగొద్దని చెప్పినా గదా!"

"ఎవురినీ దిగనీల్యా. నేనేమన్నా పరాయోన్నా?"

నాకు ఒళ్ళు మండింది. పిల్ల చదువు నీళ్ళపాలు చేసి ఎట్లా నిలబడ్డాడో చూడు అని తిట్టబోయాను. మల్లిక నా చెయ్యి పట్టుకుని ఆపి, తండ్రిని ఒకటే అడిగింది. "యాడినుంచి యాడిదాకా ఆపినావు?"

యల్లప్ప నడవడం మొదలుపెట్టాడు. "ఈడ రెండు రాత్రులు. ఈ గుంత కాడికి వల ముగిసె. ఆ పొద్దు నాలుగు గొర్రెలు ఈనినాయి, అందుకే పడమటికి జరిపి ఒక రాత్రే ఆపినా. రాళ్ళగట్టు పక్కన ఆపనేల్యా, వల చాల్ల్యా."

మల్లిక ముఖం వెలిగిపోయింది. "ఇంకోతూరి నడువు నాయనా," అంది. అతని అడుగు ఆగిన ప్రతిచోటా కర్ర నాటింది. మూడు చోట్లా విడివిడిగా మట్టి తవ్వింది, నేను సంచులు పట్టుకున్నాను.

ఫలితం యల్లప్ప చెప్పినట్టే వచ్చింది. రాళ్ళగట్టు పక్కన నత్రజని పెరగలేదు. ఒక రాత్రి ఆపినచోట కొంత, రెండు రాత్రులు ఆపినచోట ఇంకా ఎక్కువ. మల్లిక మొదట మట్టి తీసింది ఆ రెండు రాత్రుల చోటే. జరిగిన తప్పును మల్లిక దాచకుండా రిపోర్టులో రాసింది. మొదటి ప్లాను కన్నా ఇదే గట్టిదని మేడమే ఒప్పుకుంది.

వైవా రోజు యల్లప్పతోపాటు నేనూ పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు రిపోర్టులో మల్లిక గీసిన చేని పటం చూసి, ఈ హద్దులు ఎవరు పెట్టారని అడిగాడు.

"మా నాయన సార్. బయటే ఉన్నాడు, పిలవమంటారా?"

గొంగడి భుజాన వేసుకుని యల్లప్ప లోపలికి పోయాడు. పరీక్షకుడు కుర్చీ చూపించి, ఎన్ని రాత్రులు ఆపితే మంచిదని అడిగాడు.

"ఎర్రనేలకు రెండు చాలు సామీ. మూడో రాత్రి ఆపితే పైరు మాడతాది."

పరీక్షకుడు మల్లిక వైపు తిరిగాడు. "మూడో రాత్రి సంగతి నీ రిపోర్టులో లేదే?"

"అది ఆయనకు తెలుసు సార్. నేనింకా కొలవలేదు," అంది తడుముకోకుండా. "పీహెచ్‌డీలో కొలుస్తా."

బయటికొచ్చాక యల్లప్ప కూతురి చెవిలో గుసగుసగా అడిగాడు. "అయితే మళ్ళా ఎర్రగుడ్డలు కడతావామ్మా?"

"కడతా. ఈతూరి నువ్వు గూడా దిగొద్దు."

"నేను గూడానా?" అన్నాడు యల్లప్ప.